అద్దం మీది తారీఖు

సిరిసిల్లలో సాంచాలు ఆగిన రోజు చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు. యాభై ఏళ్లు ఆ దడదడల మధ్యే తిన్నాను, పడుకున్నాను. అందుకే చప్పుడు ఆగితే నాకు మెలకువ వస్తుంది.

ఆ రోజు కరెంటు తీగలు మార్చడానికి పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లైను తీశారు. మా వీధిలో ఒక్క సాంచ ఆడలేదు. అదురు లేని ఆ నిశ్శబ్దం కోసమే తరన్నుమ్ అనే ఇంజనీరు అమ్మాయి కోరుట్ల నుంచి వచ్చింది. జగిత్యాల కాడి కాలేజీలో చదివి, ఇప్పుడు గోడలు, వంతెనలు కొలిచే పని చేస్తోంది. పిలిపించింది నా కొడుకు మనోహర్. మా షెడ్డులో పాత సాంచాలు అమ్మేసి ముప్పై కుట్టు మిషన్లు పెడుతున్నాడు. బట్టలు కొనే వాళ్లు షెడ్డు గట్టిదని కాగితం కావాలన్నారు.

ఆ షెడ్డు కట్టింది నేను. దక్షిణం గోడను రెండుసార్లు కట్టాను. ఎందుకు రెండుసార్లు కట్టాల్సి వచ్చిందో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

ఆమె ముందురోజే వచ్చి దక్షిణం గోడకు తెల్ల సున్నం వేయించింది. తరువాత ఒక కుచ్చు బ్రష్షును నల్లరంగులో ముంచి, గోడ మీద చిలకరించమని నాకిచ్చింది. వాకిట్లో కళ్లాపి చల్లినట్టు చల్లాను. గోడంతా మిరియాల గింజలంత చుక్కలు.

"గోడకు అమ్మవారు పోసినట్టున్నది బిడ్డా" అన్నాను.

తరన్నుమ్ నవ్వింది. "ఒక్కొక్క చుక్కను ఒక్కొక్క మనిషి అనుకో తాతా. గీ రెండు కెమెరాలు అందరి మొఖాలు గుర్తు పెట్టుకుంటయ్. మీద బరువు పడ్డంక ఎవరన్న వెంట్రుక మందం జరిగిండంటే పట్టిస్తయ్."

"రెండెందుకు? ఒకటి సాలదా?"

"నీకు రెండు కండ్లెందుకు? గోడ మన దిక్కు ఉబ్బిందా, అటు పోయిందా, ఒక్క కంటితోని తెల్వది."

"మా కాలంల గివన్ని లేవు. మేం అద్దం పెట్టేది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆ మాట ముప్పై రెండేళ్లుగా నేను ఎవరి ముందూ అనలేదు.

"అద్దమా? ఏం అద్దం?" అని అడిగింది. నేను దగ్గుతూ బయటికి వెళ్లాను.

*

కిటికీలోంచి ఎండ జరిగితే కెమెరాకు లెక్క తప్పుతుందట. అందుకని అన్ని కిటికీలకూ నల్ల టార్పాలిన్లు కట్టాం. షట్టరు దించాం. పట్టపగలు పన్నెండు గంటలకు మా చేతులతో మేమే చీకటి చేశాం. బ్యాటరీ లైటు ఒకటి గోడ మీద పడుతోంది. చీకట్లో ఆ గోడ ఒక్కటే తెల్లగా, నల్లచుక్కలతో, నిలబడి ఉంది. మూడు కాళ్ల స్టాండు మీద రెండు కెమెరాలు రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నాయి.

మనోహర్ పైన శ్లాబు మీద ఉన్నాడు. ట్యాంకరు పైపుతో డ్రమ్ములు నింపుతున్నాడు. ఒక్కో డ్రమ్ము నిండగానే ఫోను చేస్తాడు. తరన్నుమ్ బటన్ నొక్కుతుంది. ల్యాప్‌టాప్ తెర మీద గోడ బొమ్మ వస్తుంది. కదలని చోటు నీలం, కదిలిన చోటు ఎరుపు.

"నువ్వు బయట కూసో తాతా. ఎందుకైనా మంచిది" అంది.

"నేను కట్టిన గోడ. నేనెందుకు పోవాలె?" అని స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. నా బతుకులో జరిగిన చెడంతా దాంతోనే వచ్చింది.

మొదటి డ్రమ్ము. నీలం.

రెండోది. నీలం.

మూడు, నాలుగు... తెర మీద గోదావరి నీళ్లలా గోడంతా నీలం.

"గట్టి గోడ కట్టినవ్ తాతా" అంది తరన్నుమ్.

గంజి వాసన వస్తోంది. నూలుకు పట్టించే గంజి, పులిసిన వాసన. మా షెడ్డులో గంజి వాడి పదేళ్లు దాటింది.

ఐదో డ్రమ్ముకు ఫోను రాలేదు. తరన్నుమ్ బటన్ నొక్కకుండానే, ఊరికే తెర వైపు చూసి ఆగిపోయింది.

"గిదేంది?"

గోడకు కింది భాగంలో, నేల నుంచి జానెడు ఎత్తులో, చిన్న ఎర్ర మరక. మేం చూస్తుండగానే అది పెరిగింది. పైకి సన్నగా, కింద వెడల్పుగా... అక్కడ ఆగింది.

"ఎవరో అవతలి నుంచి గోడకు ఆనుకొని కూసున్నరు" అంది. షట్టరు కొంచెం ఎత్తి, వంగి బయటికి వెళ్లి, చుట్టూ తిరిగి వచ్చింది. "ఎవ్వరు లేరు తాతా. ముండ్ల కంప ఉన్నది."

ఆనుకున్నది అవతలి నుంచి కాదని నాకు తెలుసు.

ఆ చోటు తెలుసు. ఆ వీపు తెలుసు.

తెర మీది ఎరుపు కదలడం మొదలుపెట్టింది. కుడిభుజం పైకి... కిందికి. మళ్లీ పైకి... కిందికి. నేను గోడను చూశాను. గోడ కదలడం లేదు. తెరను చూశాను. భుజం ఆడుతోంది. నూలు కండెలు చుట్టేటప్పుడు రాట్నం తిప్పే చేయి అలాగే ఆడుతుంది.

"యా అల్లా..." అంది తరన్నుమ్. "తాతా, గిది మనిషి లెక్కనే ఉన్నది గదా?"

అప్పుడు నాకు రాట్నం వినిపించింది. సన్నగా. కర్ర్... కర్ర్... కర్ర్...

"విన్నవా బిడ్డా?"

"ఏంది?"

ఆమెకు వినపడలేదు.

*

ఆమె పేరు పోచవ్వ.

అప్పుడు నాకు నలభై రెండేళ్లు. ఎనిమిది సాంచాలతో కొత్తగా షెడ్డు వేశాను. పోచవ్వ నా దగ్గర కండెలు చుట్టేది. దక్షిణం గోడకు వీపు ఆనించి కూర్చునేది. ఆ ఏడాదే మా వాడలో రాత్రి బడి పెట్టారు. పగలంతా పని చేసిన వాళ్లం రాత్రి కందిలి దీపం చుట్టూ కూర్చుని అ ఆలు దిద్దేవాళ్లం. నేను ఒక మూల, పోచవ్వ ఆడవాళ్లలో ఒక మూల. ఆమె నాకంటే ముందే కూడబలుక్కుని చదవడం నేర్చింది. బస్సు బోర్డులు, బీడీ కట్టల మీది కాగితాలు, దేనినీ వదలకుండా చదివేది. చదివిన ప్రతిదాన్నీ నమ్మేది. "రాసి ఉన్నదన్నా" అనేది. అంటే ఇక మాట లేదని.

ఆ ఆషాఢంలో దక్షిణం గోడ నెర్రె ఇచ్చింది. కిటికీ కింది నుంచి నేల దాకా ఏటవాలుగా, పోచవ్వ కూర్చునే చోటు పక్కనుంచే. పనోళ్లు లోపలికి రామన్నారు. ముసలి మేస్త్రి ఒకాయన ఉపాయం చెప్పాడు. "నెర్రెకు అడ్డంగ అద్దం ముక్క సిమెంటుతోని అతికియ్యి. మీద తారీఖు రాయి. గోడ కదిలితె అద్దం పలుగుతది. నెలరోజులు పలగకుంటె భయం లేదు."

అద్దం పోచవ్వే తెచ్చింది. ఇంట్లో ఆమె అద్దం పగిలిందట. పగిలిన అద్దం ఇంట్లో ఉండొద్దని ఆ ముక్క పట్టుకొచ్చింది. బొట్టు పెట్టుకున్నాక వేలిని అద్దం మూలకు తుడుచుకోవడం ఆమె అలవాటు. ఆ మూల కుంకుమతో ఎర్రగా ఉండేది. నేను నీలం రంగుతో దాని మీద తారీఖు రాశాను. పలక మీద కాకుండా నేను రాసిన మొదటి రాత అదే. అందరూ చూసి చప్పట్లు కొట్టారు.

పద్దెనిమిదో రోజు తెల్లవారుజామున నేను ముందుగా షెడ్డు తెరిచాను. అద్దం రెండు ముక్కలై ఉంది.

గోడ కదలలేదు, సాంచాల అదురుకు పగిలింది అనుకున్నాను. నేను కట్టిన గోడ ఎలా కదులుతుంది? పనోళ్లు వస్తే వెళ్లిపోతారు. సాంచాలు ఆగిపోతాయి. పేటంతా నవ్వుతుంది. పగిలిన ముక్కలు పీకి మూలనున్న షాబాదు బండ కింద దాచాను. నేను గడ్డం గీసుకునే అద్దాన్ని అదే కొలతకు కోసి అతికించాను. మీద తారీఖు రాశాను. ఆ రోజుది కాదు. పాతదే.

పొద్దున పోచవ్వ వచ్చి దాన్ని చాలాసేపు చూసింది.

"అన్నా, మూలకు కుంకుమ లేదేంది?"

"నేనే తుడిసిన."

ఆమె ఇంకా కదలలేదు. నాకు కోపం వచ్చింది. "సదువు వచ్చు గదా నీకు. తారీఖు సదువుకో."

వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మొహం తేటపడింది. "పాత తారీఖే. రాసి ఉన్నది గదన్నా, రాసింది అబద్ధమైతదా?" అంది. వెళ్లి గోడకు వీపు ఆనించి కూర్చుంది.

మూడో రోజు వాన పడింది. గోడ లోపలికి కూలింది. మిగతా వాళ్లు తప్పించుకున్నారు.

వాన చంపింది అన్నారు అందరూ. నేను కూడా అన్నాను. గోడను మళ్లీ కట్టాను. పునాది తవ్వితే తప్పు నాదని తేలుతుందని పాత పునాది మీదే కట్టాను.

ఇప్పుడు ఆ గోడ పక్కన కూర్చోబోయే ముప్పై మంది కుట్టేవాళ్ల పని చూసుకోవడానికి మనోహర్ పెట్టుకున్నది లక్ష్మవ్వను. పోచవ్వ బిడ్డ. తల్లి పోయినప్పుడు దానికి ఆరేళ్లు.

*

ఇదంతా ఆ చీకట్లో తరన్నుమ్‌కు చెప్పాను. గుసగుసగా, ఆగి ఆగి. నేను చెబుతున్నంతసేపు తెర మీద ఆ భుజం ఆడుతూనే ఉంది. పునాది మాట వచ్చేసరికి ఆగింది.

ఎర్ర తల... మెల్లగా... మా వైపు తిరిగింది.

తరన్నుమ్ నా చేయి పట్టుకుంది. "తాతా... మీ కొడుకుకు చెప్పు. పునాది తవ్వి చూద్దాం. చెప్తవా?"

"చెప్త."

"నా మీద ఒట్టు?"

"చెప్త బిడ్డా."

తెర మీద ఎరుపు ఆరిపోయింది. గోడంతా నీలం. గంజి వాసన లేదు. షట్టరు పెద్ద చప్పుడుతో లేచింది. ఎండ లోపలికి కొట్టింది. తడిసిన లుంగీతో మనోహర్ నిలబడ్డాడు.

"ఏందక్కా, ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలుస్తలేదు? అన్ని డ్రమ్ములు నింపిన. ఎట్లున్నది మన గోడ?"

తరన్నుమ్ ఒక్కొక్క ఫోటో వెనక్కి తిప్పి చూసింది. మొదటి నుంచి చివరి దాకా. మళ్లీ చూసింది. ఎక్కడా ఎరుపు లేదు. ఒక్క చుక్క కూడా తన చోటు నుంచి జరగలేదు.

"ఫోటోలల్ల అయితే బాగనే ఉన్నది" అని, నా వైపు తిరిగింది. "తాతా, పునాది గురించి ఏదో చెప్తనన్నవు గదా?"

మనోహర్ నన్ను చూశాడు. వాడి వెనక, మిషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో చూడ్డానికి వచ్చిన లక్ష్మవ్వ. చేతిలో కొలత టేపు. మొహం అచ్చం తల్లిదే.

నోరు తెరిచాను.

"ఏం లేదు. ముసలోని సాదస్తం" అన్నాను.

తరన్నుమ్ తల దించుకుంది. వెళ్లేటప్పుడు నాతో మాట్లాడలేదు. వారానికి కాగితం వచ్చింది. గోడ గట్టిది అని ముద్ర వేసి ఉంది. ఆ అమ్మాయి తప్పు కాదు. యంత్రం ఏం రాస్తే అదే రాయాలి. మాట చెప్పాల్సిన వాడిని నేను.

*

చెప్పలేక, నా తిక్క బుద్ధికి తోచిన పని ఒకటి చేశాను. మిషన్లు దిగిన రోజే బజారులో కొత్త అద్దం కొన్నాను. ముక్క కోసి దక్షిణం గోడకు అతికించాను. ఆ రోజు తారీఖే, నిజం తారీఖే, నీలం రంగుతో రాశాను. ఈసారి పగిలితే వెంటనే అందరినీ బయటికి పంపుతానని, ఏదీ దాచనని ఒట్టు పెట్టుకున్నాను.

మనోహర్ నవ్వాడు. "కెమెరాలు చెప్పినంక గూడ నీకు అద్దమేందే బాపూ?"

లక్ష్మవ్వ మాత్రం ముచ్చటపడింది. "ఉండనియ్ తమ్మీ. మామ గోడ, మామ పట్టింపు." రోజూ పొద్దున రాగానే తారీఖు చదివి నాకు కేకేసేది. "మామా! అద్దం మంచిగనే ఉన్నది. నువ్వు రాసింది రాసినట్టే ఉన్నది."

ఒక రాత్రి గడిచింది. పగల్లేదు. రెండు... ఐదు... పది. పగల్లేదు. మిషన్ల చప్పుడు, ఆడవాళ్ల పరాచికాలు. నాకు కొంచెం నిద్ర పట్టసాగింది.

నిన్న సాయంత్రం వెళ్లబోతూ లక్ష్మవ్వ నా దగ్గర ఆగింది.

"మామా, అద్దం మూలకు కుంకుమ నువ్వు పెట్టినవా?"

"కుంకుమనా?"

"ఆఁ. ఏలు తుడిసినట్టు. మా అవ్వ గిట్లనే తుడిసేదని యాదికొచ్చింది. గందుకే అడిగిన."

నేను ఆ అద్దానికి కుంకుమ పెట్టలేదు. రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు.

ఇవాళ తెల్లవారకముందే వచ్చి షెడ్డు తెరిచాను. టార్చి వేసి చూశాను. అద్దం పగలకుండా ఉంది. నా తారీఖు ఉంది. మూలకు కుంకుమ ఉంది. వేలితో ముట్టుకున్నాను. అంచు సిమెంటు తడిగా ఉంది... అప్పుడే అతికించినట్టు.

నాకు ఒక్కటే తోచింది. నేను ఆ పని చేసినప్పుడు ముక్కలు ఎక్కడ దాచాను?

మూలకు వెళ్లి షాబాదు బండ ఎత్తాను.

పగిలిన అద్దాలు. ఒకదాని మీద ఒకటి, కండెలు పేర్చినట్టు పద్ధతిగా పేర్చి ఉన్నాయి. అన్నీ రెండేసి ముక్కలు. అన్నిటి మీదా నేను మొన్న రాసిన తారీఖే, నా రాతే. లెక్కపెట్టాను. పదకొండు జతలు. అద్దం పెట్టి నిన్న రాత్రికి పదకొండు రాత్రులు.

అంటే గోడ రోజూ కదులుతోంది. అద్దం రోజూ పగులుతోంది. తెల్లారకముందు ఎవరో పీకేసి కొత్తది పెడుతున్నారు. నేను చేసినట్టే.

ముప్పై రెండేళ్ల కింద నేను దాచిన జత కోసం వెతికాను. మట్టి గీకి చూశాను. అది మాత్రం అక్కడ లేదు.

గోడ మీద కుంకుమతో ఉన్నది ఏ అద్దమో అప్పుడు తెలిసింది. పగిలింది నేను చూశాను. నా చేతులతో పీకాను. ఇప్పుడు దాని మీద ఒక్క గీత లేదు, ఆనాటి తారీఖు కూడా లేదు.

బయటికి వచ్చి షట్టరు దించి తాళం వేశాను. తాళం చెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. ఇక్కడే మెట్టు మీద కూర్చుని ఈ నోటుబుక్కులో ఇదంతా రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. లక్ష్మవ్వ చదువుకున్నది. తల్లిలాగే రాసినదాన్ని నమ్ముతుంది. ఈసారి రాసింది నిజం. చదివాక నన్ను కొట్టినా, ఉమ్మేసినా, ఆమె ఇష్టం. ఆ ముప్పై మంది మాత్రం ఈ గడప దాటకూడదు.

ఎనిమిదిన్నర అయింది. వీధి మలుపులో లక్ష్మవ్వ వస్తోంది. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, టిఫిను డబ్బాలు పట్టుకుని. నన్ను చూసి చేయి ఊపింది.

షట్టరుకు నా వీపు ఆని ఉంది. అవతలి నుంచి ఇంకో వీపు దానికి ఆనుకుంది. రేకు మెల్లగా ఉబ్బుతోంది... తగ్గుతోంది.

లోపల ఎవరో చదువుతున్నారు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

చదివేది నేను రాసిన తారీఖు కాదు. గోడ కూలే తారీఖు.

ఇవాళ్టిది.